పొరపొరా తెలిసిన చెయ్యి

పరిగి, తాండూరు లాంటి ఊళ్లలో పంటినొప్పి మొదలైన రోజునే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ. లవంగం పెట్టుకుని, మందుల షాపులో మాత్రలు కొనుక్కుని, చెంప ఉబ్బి నోరు తెరుచుకోవడం కష్టమయ్యాక వెళతారు. అప్పటికి పన్ను సంగతి వెనక్కి పోతుంది. చీము ఏ పొరలో చేరింది, ఎటు జారుతోంది, కోత ఎక్కడ పెడితే ఏ నరం తెగుతుంది, ఇక్కడే చూడవచ్చా లేక వెంటనే హైదరాబాద్ పంపాలా అన్నవి ముందుకొస్తాయి. పక్కన అడగడానికి పెద్ద డాక్టరు ఉండడు. ముఖం మీద, నెత్తి మీద ప్రతి ప్రమాదానికీ ఒక లోతు ఉంది. ఆ లోతును బొమ్మ చూసి గుర్తుపెట్టుకోవడం వేరు, వేళ్లతో ఎరిగి ఉండడం వేరు. అందుకే బీడీఎస్ మొదటి ఏడాది విద్యార్థి తల, ముఖం భాగాన్ని తన చేత్తో పొరపొరా విడదీసి నేర్చుకునే పద్ధతి నిలవాలని నా వాదన.

ఈ పద్ధతి మనకు కొత్తగా వచ్చిందేమీ కాదు. మృతదేహాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడ్డాక కుంచెలతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని ఒక్కో పొరనూ కంటితో చూడమని సుశ్రుత సంహిత శారీరస్థానం చెప్పింది. అక్కడ కత్తి ప్రస్తావన లేకపోవడం గమనించాలి. కోయడంకన్నా ఊడదీయడానికి ఆ వైద్యుడు ఎక్కువ విలువ ఇచ్చాడు. మధ్యలో ఆ అలవాటు పోయింది. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవచ్ఛేదంతో ఆధునిక బోధన మొదలైంది. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు వచ్చింది, అదే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. 1959లో ఆ కాలేజీకే దంతవైద్య విభాగం చేరింది. అలా మన దగ్గర దంతవైద్యం మెడికల్ కాలేజీ నీడలోనే పెరిగింది.

నెత్తిని విడదీసే తీరు చూస్తే ఈ పని నేర్పేదేమిటో తెలుస్తుంది. ముక్కు మొదలు నుంచి తల వెనక్కి ఒక గాటు, మాడు నుంచి చెవుల వైపు మరో గాటు పెడతారు. చర్మం లేపబోతే సులువుగా రాదు. దాని కింది గట్టి పీచుపొర చర్మాన్నీ, ఆ కిందనున్న కండర పటలాన్నీ కలిపి పట్టుకుని ఉంటుంది. రక్తనాళాలన్నీ ఆ పీచులోనే పరుగెడతాయి, నాళాల గోడలు దానికి అతుక్కుని ఉంటాయి. తెగిన నాళం ముడుచుకోలేదు కాబట్టే చిన్న గాయానికి కూడా నెత్తి ధారగా కారుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక వాక్యం. ఆ పీచులో ఫోర్సెప్స్ ఆడక అరగంట అవస్థపడ్డ విద్యార్థికి మాత్రం, బైకు మీదినుంచి పడి వచ్చినవాడి నెత్తిని ఎముకకేసి గట్టిగా అదిమి పట్టాలని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కండర పటలం దాటగానే అనుభవం తిరగబడుతుంది. స్కాల్పెల్ పిడిని దూర్చితే చాలు, ఏ అడ్డూ లేకుండా కనుబొమల దాకా పోతుంది. ఇదే నాలుగో పొర, వైద్యులు ప్రమాద పొర అనేది దీన్నే. ఇక్కడ చేరిన రక్తానికీ చీముకూ ముందువైపు కట్ట లేదు, ఎందుకంటే నుదుటి కండరం ఎముకకు అంటుకోదు. తలకు దెబ్బ తగిలితే మర్నాడు కంటి రెప్పలు నల్లబడేది అందుకే. ఇక్కడి నుంచి పుర్రెను దూసుకుపోయే చిన్న సిరలు మెదడు చుట్టూ ఉన్న సిరా కుహరాల్లోకి దారి తీస్తాయి. అట్టడుగున ఎముకను కప్పిన అయిదో పొర పుర్రె అతుకుల దగ్గర గట్టిగా అంటి ఉంటుంది. పుట్టిన బిడ్డ తల మీద ఆ పొర కింద రక్తం చేరితే వాపు ఒక్క ఎముక హద్దులోనే ఆగిపోతుంది.

ముఖం ఇంతకన్నా కఠినం. ఒంట్లో చాలాచోట్ల లేనట్టు ఇక్కడి కండరాలు చర్మంలోకే వచ్చి అతుక్కుంటాయి, చర్మాన్నీ కండరాన్నీ వేరుచేసే లోపలి గట్టి పొర చాలాచోట్ల ఉండదు. బ్లేడు అంచును చర్మం వైపే తిప్పి పట్టకపోతే నవ్వించే కండరాలు చర్మంతోపాటే వచ్చేస్తాయి. తర్వాత చెంప ఎముక కమానుకు ఒక వేలు వెడల్పు కింద వెతికితే పరోటిడ్ అనే లాలాజల గ్రంథి నాళం దొరుకుతుంది. అది మాసెటర్ కండరం మీదుగా వచ్చి, బుగ్గను పొడుచుకుని, పైవరస రెండో దవడపంటికి ఎదురుగా నోట్లో తెరుచుకుంటుంది. ఆ గ్రంథి ముందు అంచున ముఖనాడి కొమ్మలు అయిదు బయటికొస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా గ్రంథిలోకి వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడం ఓర్పు పని. ఏ రెండు ముఖాల్లోనూ ఆ కొమ్మలు ఒకే విధంగా ఉండవు. డేవిస్, ఆయన సహచరులు 350 ముఖార్ధాలను విడదీసి 1956లో ఆ కొమ్మలు చీలే తీరును ఆరు రకాలుగా చూపారు. 1962లో డింగ్‌మన్, గ్రాబ్ నూరు ముఖార్ధాలు పరిశీలించి, కింది పెదవిని కదిలించే కొమ్మ ముఖధమనికి వెనుక భాగంలో 19 శాతం ముఖార్ధాల్లో దవడ అంచు కన్నా కిందికి దిగుతుందనీ, ధమని దాటి ముందుకొచ్చాక పైనే ఉంటుందనీ తేల్చారు. దవడ కింద చీము తీసేటప్పుడు అంచుకు దాదాపు రెండు సెంటీమీటర్ల దిగువన కోత పెట్టమనే నియమానికి బలం ఇలాంటి పరిశీలనల్లోనే ఉంది.

కింది దవడ మొద్దుబార్చే ఇంజెక్షన్ రోజూ ఇచ్చేదే. సూది ఎముకను తాకాకే మందు వదలమంటారు. తాకకుండా వెనక్కి పోతే మందు ముఖనాడి ఉన్న పరోటిడ్ గ్రంథిలో పడి, కొద్ది గంటలపాటు రోగి కన్ను మూయలేడు, మూతి ఒక పక్కకు లాగుతుంది. పక్షవాతమని ఇంటిల్లిపాదీ భయపడతారు. దవడ వెనుక ఆ గ్రంథి ఎంత దగ్గరగా నక్కి ఉందో విడదీసి చూసినవాడు ఆ భయాన్ని వెంటనే తీర్చగలడు, అసలు రాకుండానూ చూసుకుంటాడు. చీము కథా ఇంతే. కింది దవడపంటి వేరుకొన బుగ్గ కండరం అతుక్కున్న గీతకు పైన ఉంటే చీము నోట్లోకి వస్తుంది, కింద ఉంటే చెంపలోకి మళ్లుతుంది. లోపలివైపు నాలుక కింది కండరం గీత దాటితే గొంతు వాచి ఊపిరికే అడ్డం పడవచ్చు. పై పెదవి, ముక్కు పక్కన పుట్టిన ఇన్‌ఫెక్షన్ ముఖసిర నుంచి కంటిగుంట సిరల మీదుగా మెదడు అడుగునున్న కావర్నస్ కుహరానికి చేరగలదు. అక్కడ మొటిమను చిదమొద్దని చెప్పడం ఇందుకే.

త్రీడీ తెరలు, ప్లాస్టిక్ నమూనాలు ఉండగా ఇదంతా ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. 2018లో వచ్చిన ఒక మెటా విశ్లేషణలో, డిసెక్షన్ చేసినవాళ్లకూ ఇతర పద్ధతుల్లో నేర్చుకున్నవాళ్లకూ పరీక్ష ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాన్ని కాదనను. కానీ ఆ పరీక్షలు ప్రధానంగా కొలిచేది పేరు, చోటు గుర్తుండడాన్ని. ఏ పొర పట్టుకుంటుంది, ఏది జారిపోతుంది, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్నది మార్కుల్లోకి రాదు. ఒకే నమూనాను వందమంది చూస్తే వందమందికీ ఒకే ముఖం తెలుస్తుంది. నాలుగు బల్లల మీద నాలుగు దేహాలుంటే నరం నాలుగు దారుల్లో కనబడుతుంది. తెర వద్దని నేననను. ముందురోజు తెర మీద చూసి మర్నాడు బల్ల దగ్గరికి వచ్చిన విద్యార్థి ఎక్కువ నేర్చుకుంటాడు. భద్రపరిచిన దేహంలో రక్తం కారదు, కండ బిగుసుకుపోతుంది, ఆ కొరతా నిజమే. పళ్ల డాక్టరుకు నెత్తితో పనేమిటని మరికొందరు అంటారు. రోజువారీగా పని తక్కువే. అయితే ముఖం ఎముకలు విరిగినప్పుడు శస్త్రచికిత్స చేసేది ఎక్కువగా దంతవైద్యం నుంచి వచ్చిన నిపుణులే. నుదురు, చెంప ఎముకలను చేరడానికి వాళ్లు జుట్టులో గాటు పెట్టి ఆ నాలుగో పొరలోంచే కిందికి దిగుతారు.

దేహాలను భద్రపరిచే ఫార్మాలిన్ విషయంలో మాత్రం సర్దుకుపోవడం తగదు. అందులోని ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కళ్లు మండే హాల్లో, గాలి ఆడని చోట గంటల తరబడి పిల్లల్ని నిలబెట్టడం తప్పు. గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. ఆస్ట్రియాలో వాల్టర్ థీల్ 1992లో ప్రచురించిన పద్ధతిలో ఫార్మాలిన్ బాగా తక్కువ, కండ మెత్తగా ఉంటుంది, కీళ్లు కదులుతాయి. ఖర్చు ఎక్కువే అయినా తల, ముఖం వరకైనా ప్రయత్నించదగ్గది.

ఇంకో ప్రశ్న న్యాయానికి సంబంధించింది. ఎవరూ రాని పేదల శవాలే చిరకాలం ఈ బల్లల మీదికి చేరాయి. బతికుండగా వైద్యం అందనివాళ్ల దేహాల మీద వైద్యం నేర్చుకోవడం మనసున్నవాళ్లకు బాధ కలిగించాల్సిందే. దీనికి సరైన జవాబు తెలిసి, ఒప్పుకుని చేసే దేహదానం. 2024 సెప్టెంబరులో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. ఆ మరుసటి నెలలో ఢిల్లీ యూనివర్సిటీ మాజీ అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా దేహం సికింద్రాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి చేరింది. 2023 సెప్టెంబరులో వికారాబాద్‌లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. పరిగి, తాండూరు వాళ్లు ఇలాంటి దానం చేయాలంటే ఇప్పుడు రాజధాని దాకా చూడక్కర్లేదు, సొంత జిల్లాలోనే అడగవచ్చు. ఆ కాలేజీ ఏడాదికోసారి చుట్టుపక్కల పళ్ల డాక్టర్లను పిలిచి, తల, ముఖం విడదీసే పని రెండు రోజులు మళ్లీ చేయిస్తే దాని లాభం నేరుగా ఈ ఊళ్ల రోగులకే. అయితే దానపత్రం రాసినవాళ్లు పోయాక దేహాన్ని అప్పగించాల్సింది ఇంటివాళ్లే కాబట్టి, భార్యాపిల్లలతో ముందే మాట్లాడి ఒప్పించి ఉంచుకోవాలి.