పురిటిగదిలో సాక్షి

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని మనకో సామెత ఉంది. చేపట్టిన పని ఎంత కంపుకొట్టినా వదులుకోలేమని చెప్పడానికి ఆఫీసుల్లో, రాజకీయ ఉపన్యాసాల్లో మగవాళ్లు దీన్ని నవ్వుతూ వాడుతుంటారు. ఆ నవ్వెందుకో అందరికీ తెలుసు. బిడ్డతో పాటు రక్తమూ మలమూత్రాలూ కూడా ఆమె చేతుల్లోనే పడతాయి. కానీ వెక్కిరింపును పక్కనపెట్టి ఆ సామెతను మామూలు మాటగా వింటే అందులో ఒక వృత్తిధర్మం వినిపిస్తుంది. నొప్పులు మొదలైనప్పట్నించి మాయ పడేదాకా ఆ మనిషి కదలదు. మధ్యలో వదిలేసి వెళ్లదు.

ఇప్పుడు ఆ కదలకపోవడాన్నే 'డూలా' అన్న కొత్త పేరుతో మనకు పరిచయం చేస్తున్నారు. హైదరాబాదు లాంటి నగరాల్లో ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రుల చుట్టూ ఈ మాట కొన్నేళ్లుగా వినపడుతోంది. డూలా డాక్టరు కాదు, నర్సు కాదు, మంత్రసాని కూడా కాదు. బిడ్డను పట్టదు, మందివ్వదు, లోపలి పరీక్ష చేయదు. నడుం రాస్తుంది. ఊపిరి ఎలా తీసుకోవాలో గుర్తుచేస్తుంది. నీళ్లు తాగిస్తుంది. డాక్టరు గబగబా చెప్పి వెళ్లిన మాటను అర్థమయ్యేలా మళ్లీ చెబుతుంది. బెంబేలెత్తిన భర్తకూ కాస్త ధైర్యమిస్తుంది. కాన్పయ్యాక పాలు పట్టడం దగ్గర, నిద్రలేని రాత్రుల దగ్గర కొన్నాళ్లు ఆ కుటుంబానికి తోడుంటుంది.

ఇది వినగానే మనలో చాలామందికి "ఇదంతా మన అమ్మమ్మల కాలంలో ఉన్నదేగా" అనిపిస్తుంది. ఆ మాట సగమే నిజం. మిగతా సగం గురించి ఆలోచించకపోతే డూలా అన్నది డబ్బున్నవాళ్లు కొనుక్కునే మరో సౌకర్యంగా మిగిలిపోతుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ప్రాచీన గ్రీకులో డూలా అంటే బానిస స్త్రీ. అమెరికన్ మానవశాస్త్రవేత్త డేనా రాఫెల్ 1973లో తల్లిపాల గురించి రాసిన పుస్తకంలో ఈ మాటను బాలింతకు తల్లిలా తోడుండే స్త్రీ అన్న అర్థంలో వాడారు. తర్వాత అదొక వృత్తికి పేరయింది. 1992 నాటికి అమెరికాలో డూలాలకో సంస్థ కూడా ఏర్పడింది. అలా బానిస అన్న మాట శిక్షణా సర్టిఫికెట్టూ ఫీజూ ఉన్న ఉద్యోగానికి పేరైతే, 'మంత్రసాని' మన దగ్గర ఇంచుమించు తిట్టయి కూర్చుంది. ఇది భాషలో యాదృచ్ఛికంగా జరిగింది కాదు. ఒకే పని ఎవరి చేతుల్లో ఉందన్నదాన్ని బట్టి దాని పేరుకు మర్యాద వస్తుంది, పోతుంది.

మన ఊళ్లలో ఆ చేతులు ఎవరివో తెలియనిది కాదు. చాలాచోట్ల మంగలి, మాదిగ, చాకలి కులాల ఆడవాళ్లే పురుళ్లు పోసేవాళ్లు. మా అమ్మమ్మ తన కాన్పుల గురించి చెబుతూ "ఆవిడే లేకపోతే నేను బతికేదాన్ని కాదు" అనేది. ఆ మనిషికి అన్నం వాకిట్లో విస్తరేసి పెట్టేవాళ్లమనీ, ఆవిడ వెళ్లాక ఇల్లంతా కడుక్కునేవాళ్లమనీ అదే నోటితో చెప్పేది. ఆ రెండు మాటల మధ్యా ఆమెకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. పురిట్లో తాకక తప్పని చేతులు పురుడయ్యాక తాకకూడని చేతులయ్యేవి. దక్కేది కొలిచిపోసిన గింజలు, ఒక పాత చీర. "మన సంప్రదాయంలో ఎప్పుడో ఉంది" అని గర్వపడేవాళ్లు ఆ వాకిటి విస్తరిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆ కాలం మళ్లీ రావాలని నేనడగను. రక్తం పోయి, గుర్రపువాతం వచ్చి, బిడ్డ అడ్డం తిరిగి చచ్చిపోయిన ఆడవాళ్లు లేని వంశం మనలో ఎవరికీ ఉండదు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. రక్తమూ, ఆపరేషనూ, అంబులెన్సూ అందడం వల్ల బతికిన ప్రాణాలెన్నో. ఆసుపత్రి కావాలా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. లోపలికి వెళ్లేటప్పుడు ఆమె గుమ్మం బయట ఏం వదిలి వెళ్లాల్సి వచ్చింది అన్నది ప్రశ్న.

తోడును వదిలి వెళ్లాల్సి వచ్చింది. తల్లి, అక్క, ఊరి నుంచి వెంటబెట్టుకొచ్చిన ఆశా కార్యకర్త, చాలాచోట్ల అందరూ లేబర్ రూం తలుపు బయటే ఆగిపోతారు. లోపల ఒక బల్ల మీద ఒంటరి శరీరం. పక్క బల్ల మీద మరొకటి. అరిస్తే ఏమంటారో సర్కారు దవాఖానాలో కన్న మన ఆడవాళ్లను అడగండి. "మొగుడి పక్కలో పడుకున్నప్పుడు లేదా ఈ ఏడుపు" అన్న మాటనో, దాని తోబుట్టువునో వినని వాళ్లు తక్కువ. తొడ మీద పడ్డ దెబ్బ గురించి కూడా కొందరు చెబుతారు, అదీ చాలా ఏళ్లు గడిచాక. ఆ గదిలో వాళ్ల తరఫున చూసిన మనిషి ఒక్కరూ లేరు కాబట్టి అది జరిగినట్టే కాదు.

ఇక్కడే డూలాల మీద జరిగిన పరిశోధనను కొంచెం శ్రద్ధగా చదవాలి. 1980లో వెలువడిన తొలి అధ్యయనం అమెరికాలో చేసింది కాదు, గ్వాటెమాలాలో, కిక్కిరిసిన ఒక ఆసుపత్రిలో చేసింది. అక్కడా బంధువులను రానివ్వరు, ఆడవాళ్లు ఒంటరిగానే నొప్పులు పడాలి. కొందరికి మాత్రం ఏ వైద్యశిక్షణా లేని, ముందు పరిచయం కూడా లేని ఒక స్త్రీని తోడుగా కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో చేరినప్పట్నించి కాన్పయ్యేదాకా ఒంటరిగా ఉన్నవాళ్లకు సగటున 19.3 గంటలు పడితే, తోడున్నవాళ్లకు 8.7 గంటలే పట్టింది. చూసినవాళ్ల సంఖ్య చిన్నదే. కానీ 1991లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, పేదలు వచ్చే ఒక ప్రభుత్వాసుపత్రిలో ఇంకాస్త పెద్ద అధ్యయనం జరిగింది. మామూలుగా కన్నవాళ్లలో 18 శాతం మందికి సిజేరియన్ అయితే, తోడున్నవాళ్లలో 8 శాతం మందికే అయింది. అందులో మూడో గుంపు ఒకటుంది. వాళ్ల గదిలో ఒక స్త్రీ దూరంగా కూర్చుని జరిగేది రాసుకుంది, అంతే. పలకరించలేదు, ముట్టుకోలేదు. ఆ గుంపులో 13 శాతం.

నన్ను ఆపేసింది ఈ మూడో గుంపు. నడుం రాయని, ధైర్యం చెప్పని మనిషి ఊరికే కూర్చుంటే తేడా ఎందుకొచ్చింది? నొప్పులు పడే మనిషికి గదిలో ఇంకొకరున్నారన్న ధీమా వచ్చి ఉండొచ్చు. చూసే కళ్లున్నాయి కాబట్టి సిబ్బంది తీరు మారి ఉండొచ్చు. నాకైతే రెండూ పనిచేశాయనే అనిపిస్తుంది. తోడు అంటే సేవ అని మాత్రమే అనుకుంటాం. తోడు అంటే సాక్ష్యం కూడా. 2017లో కాక్రేన్ సమీక్ష 17 దేశాల్లోని 26 అధ్యయనాలను, 15 వేలకు పైగా స్త్రీల అనుభవాలను కలిపి చూసింది. కాన్పు పొడుగునా తోడున్నవాళ్లకు సిజేరియన్లు తగ్గాయి, నొప్పి మందులు తగ్గాయి, కాన్పు గురించి చేదు జ్ఞాపకాలూ తగ్గాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి స్త్రీకీ తాను ఎంచుకున్న మనిషి తోడుండాలని సిఫారసు చేసింది. పేద ఆడవాళ్ల ఒంటరితనం మీద పరిశోధన చేసి కనిపెట్టిన విషయం ఇవాళ ఫీజు కట్టగలిగిన వాళ్లకు ప్యాకేజీగా అందుతోంది. డూలా కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

మన ప్రభుత్వం దీన్ని పట్టించుకోలేదనడానికి లేదు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ సర్కారు ఆసుపత్రుల్లో కాన్పుకు తోడు మనిషిని అనుమతిస్తామంది. 2017లో లేబర్ రూముల మెరుగుదలకు తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ తోడుకు చోటుంది. అయితే 2016 షరతులను ఒక రచనను చదివినట్టు చదవండి. తోడొచ్చే ఆమె బంధువై ఉండాలి, తాను కని ఉండాలి. శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి. సిబ్బంది పనికి, వైద్యానికి అడ్డు రాకూడదు. గదిలో ఉన్న ఇతర స్త్రీలను పట్టించుకోకూడదు.

'కని ఉండాలి' అన్న రెండు మాటల్లో ఎంతమంది బయటికి పోయారో చూడండి. పెళ్లికాని చెల్లెలు, పిల్లలు లేని వదిన, ప్రాణస్నేహితురాలు అందరూ పోయారు. పేరంటాల్లో, సీమంతాల్లో గొడ్రాలని పక్కకు నెట్టే చేతిని ప్రభుత్వం కాగితం మీదికి తెచ్చుకుంది. ఇక చివరి షరతు. రోగాలు అంటుకుంటాయనో, గందరగోళమవుతుందనో పెట్టి ఉండొచ్చు. కానీ పక్క బల్ల మీద తోడు లేని పిల్ల "అమ్మా" అని మూలుగుతుంటే గుక్కెడు నీళ్లివ్వకుండా, చెయ్యి పట్టుకోకుండా కూర్చోమని ఏ ఆడమనిషికి చెప్పగలం? ఆ వాక్యం రాసినవాళ్లకు తోడు అంటే ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే వస్తువు. ఆడవాళ్లకు తోడు అట్లా తెలియదు.

బంధువే ఉండాలన్న షరతులోనూ చిక్కుంది. మన ఇళ్లలో తోడొచ్చేది తల్లే అయితే మేలు. అత్తగారైతే, ఆడపిల్ల పుట్టిందని తెలియగానే ఆమె మొహం ఎలా మారుతుందో చూడాల్సి వస్తుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషను గురించో, ముహూర్తం చూసి కోయించడం గురించో కుటుంబం తరఫున ఆమే జవాబు చెప్పేస్తుంది. తోడుకూ కాపలాకూ మధ్య గీత మన కుటుంబాల్లో చాలా సన్నం. గ్వాటెమాలాలో పక్కన కూర్చున్నది పరాయి మనిషి అన్న సంగతి అందుకే గుర్తుంచుకోవాలి. డూలాలో నాకు నిజంగా విలువైనదిగా కనిపించేది ఈ పరాయితనమే. వంశం కోసం కాక, ఆ మనిషి కోసమే వచ్చిన మనిషి.

అయితే ఫీజు తీసుకుని వచ్చే ఆ ఒక్క మనిషి మీద మొత్తం భారం వేయలేం. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం. ఆంధ్రలో మొత్తం 42.4 శాతం. పదిలో ఎనిమిది మందిని కోసే చోట డూలా ఎవరి చెయ్యి పట్టుకుంటుంది? ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా నడిపించి వస్తుంది. ఆసుపత్రి పద్ధతి మారకుండా డూలాను మాత్రం చేర్చుకుంటే ఆమె ఆ బిల్లులో ఒక మంచి మాటగా మిగులుతుంది.

ఇన్ని లెక్కల్లోనూ కనిపించని ఆడవాళ్లు కొందరున్నారు. సర్కారు లేబర్ రూంలో మంత్రసానికి అసలు వారసురాలు ఆయా. రక్తం కడిగేదీ, మాయ ఎత్తేదీ, గుడ్డలు మార్చేదీ, వినాల్సి వస్తే ఏడుపు వినేదీ ఆమే. చాలాసార్లు కాంట్రాక్టు జీతం మీద, చాలాసార్లు ఆ పాత కులాల నుంచే వచ్చిన మనిషి. మగపిల్లాడికింత, ఆడపిల్లకింత అని చెయ్యి చాస్తుందని ఆమె మీద మనకు కోపం. ఆ కోపం న్యాయమే. కానీ ఆమె పనికి శిక్షణా, పేరూ, బతకగలిగే జీతమూ ఇస్తే ఎలా ఉండేదో ఎవరూ చేసి చూడలేదు. ఆశా కార్యకర్త కేంద్ర ప్రభుత్వ పరిభాషలో ఇప్పటికీ 'స్వచ్ఛంద' కార్యకర్తే. ఇక పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లి, ఆరు నెలలు కాయం తినిపించి, పథ్యం వండి, రాత్రుళ్లు మనవణ్ణి ఎత్తుకుని తిరిగే మన అమ్మలు. పక్కింటి అమెరికన్ గంటకింత ఇచ్చి పెట్టుకునే మనిషి చేసే పనే వాళ్లు చేస్తారు. వాళ్ల శ్రమకు ప్రేమ అన్న పేరు తప్ప ఇంకో పేరు లేదు.

ఆడవాళ్ల ఆరోగ్యాన్ని ఆడవాళ్ల ప్రశ్నల నుంచి చూడటం మనకు కొత్త కాదు. 1991లో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడే ఆ పని తెలుగులో మొదలైంది. 2017లో తెలంగాణలో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఇవి మంచి అడుగులు. వీటితో పాటు ఇప్పుడు మనం అడగాల్సింది స్పష్టంగానే ఉంది. ప్రతి లేబర్ రూంలో బల్లల మధ్య తెర కావాలి, తోడు మనిషికో స్టూలు కావాలి. ఎవరు తోడుండాలో కనే మనిషే చెప్పాలి, అత్తగారు కాదు, సర్క్యులర్ కాదు. ఎవరూ లేకుండా వచ్చిన ఆమెకు తోడును ఆసుపత్రే ఇవ్వాలి, ఆ తోడుకు జీతమివ్వాలి. ఆ ఉద్యోగాలకు మొదట పిలవాల్సింది ఇన్నేళ్లుగా ఆ గదులు కడుగుతున్న ఆడవాళ్లను.