అరచేతిలోని రూపం: అమెరికన్ సూక్ష్మ రూపచిత్రకళ, దాని క్షీణత

సూక్ష్మచిత్రం అనగానే విద్యార్థులకు మొగల్, దక్కనీ చిత్రాలు గుర్తుకు రావడం సహజం. ఇక్కడ మనం చర్చించేవి వేరు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట అమెరికాలో పలుచని ఏనుగుదంతపు రేకు మీద నీటిరంగులతో వేసిన చిన్న రూపచిత్రాలివి. ఇవి ఎక్కువగా రెండు మూడు అంగుళాల కోలాకారపు చిత్రాలు. వీటిని లాకెట్‌లోనో బ్రేస్‌లెట్‌లోనో బిగించి ఒంటిమీద ధరించేవారు. వెనుకవైపు ఆ వ్యక్తి తలవెంట్రుకలను అల్లి అమర్చడం కూడా ఉండేది. దూరదేశం వెళ్ళిన భర్తనో, చనిపోయిన బిడ్డనో దగ్గర ఉంచుకోవడమే వీటి ప్రయోజనం. ఇదొక ప్రత్యేకమైన పని. 1786లో చార్లెస్ విల్సన్ పీల్ దీన్ని తమ్ముడు జేమ్స్‌కు అప్పగించి, తాను పెద్ద తైలవర్ణ చిత్రాలకే పరిమితమయ్యాడు.

ఈ కళ బలం ఎక్కడుందో ఎడ్వర్డ్ గ్రీన్ మాల్బోన్ (1777–1807) చిత్రాల్లో తెలుస్తుంది. దంతం తెల్లగా ఉండటమే కాదు, కొంత వెలుతురును తనలోకి రానిస్తుంది. మాల్బోన్ దాన్ని రంగుతో కప్పేయలేదు. సన్నని గీతలను ఒకదానిమీదుగా ఒకటి గీస్తూ, చెంపల దగ్గర దంతాన్నే చర్మకాంతిగా మిగిల్చాడు. క్షయతో 29 ఏళ్ళకే మరణించిన ఈ చిత్రకారుణ్ణి మించినవాడు ఆ దేశంలో మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. 1828లో సారా గుడ్రిడ్జ్ ముఖం లేకుండా తన వక్షాన్ని మాత్రమే చిత్రించి, రాజకీయ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్‌కు ఇచ్చింది. దాన్ని గోడకు వేలాడదీసే పటంగా ఊహించగలమా?

1839లో ప్రకటించిన డాగెరోటైప్ ఫోటో ఈ కళను చంపేసిందని చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ధర, సమయం సంగతిలో అది నిజమే. కానీ జబ్బు అంతకుముందే మొదలైంది. 1820లు, 1830లలోనే సూక్ష్మచిత్రం పెద్దదై, దీర్ఘచతురస్రంగా మారి, చిక్కని రంగులతో తైలవర్ణ చిత్రాన్ని అనుకరించసాగింది. ఒంటిమీంచి దిగి, తోలుపెట్టెలో బల్లమీదికి చేరింది. ఇక దానికి మిగిలింది పోలిక ఒక్కటే. పోలికలో కెమెరాతో పోటీ ఎక్కడ? డాగెరోటైప్ వచ్చి కూర్చున్నది కూడా ఆ ముఖమల్ పరిచిన తోలుపెట్టెలోనే.

1860లో జాన్ హెన్రీ బ్రౌన్ స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి లింకన్‌ను దంతం మీద చిత్రించాడు. మనిషి ఎదుట కూర్చున్నా, ఫోటోలు తీయించి వాటి సాయం తీసుకున్నాడు. నైపుణ్యంలో లోటు లేదు. నాకు మాత్రం అది రంగు వేసిన ఫోటోలాగే కనిపిస్తుంది.