‘లిహాఫ్’ కథలో రోగమూ, వైద్యమూ

ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ఉర్దూలో ప్రకటించిన ‘లిహాఫ్’ కథ ప్రస్తావన వస్తే మన చర్చ లాహోరు కోర్టులో నడచిన అశ్లీలాభియోగం దగ్గరే ఆగిపోతుంది. ఆమె క్షమాపణ చెప్పలేదు, కేసు గెలిచింది. అది గర్వించదగిన ఘట్టమే. కాని రచయిత్రి స్వేచ్ఛను గూర్చి ఇంత వాదించిన మనం, ఆ కథలోని స్త్రీ దేహాన్ని గూర్చి ఏమి ఆలోచించాం?

నవాబు నిరాదరణకు గురి అయిన బేగం జాన్‌కు తీరని దురద. వైద్యులూ, హకీములూ చూసి రోగమేమీ లేదంటారు. ఊరట నిచ్చేవి దాసి రబ్బో చేతులే. ఈ దురదను అణగిన కోరికకు ప్రతీకగా చెప్పడం పరిపాటి. ఆ వ్యాఖ్య తప్పు కాదు గాని చాలదు. ఆ వైద్యుల మాటలోనే నాకు సాంఘిక సత్యం కనిపిస్తున్నది. వారు చర్మాన్ని చూశారు, ఆమె బతుకును గురించి అడగలేదు.

ఆ అలవాటు నేటికీ పోలేదు. ఆస్పత్రిలో స్త్రీని మొదట అడిగేది “పెళ్లయిందా?” అని. కాలేదంటే పరీక్ష అక్కరలేదనుకోవడం, సహచరి స్త్రీయే అయితే సుఖవ్యాధులు రావనుకోవడం, రెండూ భ్రమలే. గర్భాశయ ముఖ క్యాన్సరుకు మూలమైన హెచ్.పి.వి. వైరసు జననాంగ చర్మ స్పర్శవల్ల సోకుతుంది; హెర్పిస్ కూడా అంతే. పురుషుడు వుండనక్కరలేదు. కనుక వీరికీ టీకా కావాలి, వయసును బట్టి గర్భాశయ ముఖ పరీక్ష కావాలి. ముఖరతిలో మధ్య పలుచని రబ్బరు పొర, చేతులకు తొడుగులు, ఒకరు వాడిన సాధనాన్ని కడిగిగాని, కొత్త కండోము తొడిగిగాని మరొకరు వాడడం—ఇవి నేర్పవలసిన ఆరోగ్య పాఠాలు.

2018లో సుప్రీంకోర్టు వయోజనుల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదన్నది. జైలు భయం తీరింది. వైద్యుని ముందు నోరు విప్పే ధైర్యం మాత్రం తీర్పుతో రాలేదు.

వర్గ ప్రశ్న కూడా ఇక్కడే వుంది. బేగంకు వైద్యులున్నారు. రబ్బోకు జబ్బు చేస్తే నాడి పట్టే దెవరు? కథ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఇటువంటి స్త్రీని తిరుగుబాటుకు చిహ్నంగా పొగడడం సులభం. చిహ్నాలకు జబ్బు చేయదు, మనుషులకు చేస్తుంది. ఈ కథను తరగతిలో చెప్పే మాబోటి ఉపాధ్యాయులు కోర్టు కథతో పాటు ఈ నాలుగు ఆరోగ్యపు మాటలూ చెప్పాలి. వినే విద్యార్థినులలో ఆ మాట అవసరమైన వారుంటారు. వారు చెయ్యెత్తి అడగలేరు.