అమ్ముడుపోని కార్ల లెక్క

అమెరికాలో పెద్ద ఇంజన్ల పాత మజిల్ కార్ల వేలం జరిగిన ప్రతిసారీ ఫలితాల పట్టిక చదవడం నాకో అలవాటు. కొనేది లేదు, ఏనాడూ నడిపిందీ లేదు. మొదట్లో అన్నిటికన్నా ఎక్కువ పలికిన కారేదో చూసి మూసేసేవాణ్ని. ఇప్పుడు చూపు ముందుగా అమ్ముడుపోని వాటి మీదికే పోతుంది.

ఆ చూపు నేర్పింది 1971 నాటి ప్లిమత్ హెమీ కూడా కన్వర్టిబుల్. మన 'కూడా' కాదు, బారకూడా చేప పేరుకు పొట్టి రూపం. లోపల ఏడు లీటర్ల హెమీ ఇంజన్. ఆ ఏడాది తయారైనవి 11 మాత్రమే. అరుదుగా ఉండాలని తగ్గించలేదు, అడిగినవాళ్లే లేరు. ఇంజన్‌కు అదనంగా కట్టాలి, పైగా ఇలాంటి కార్ల మీద బీమా ఖర్చు మోయలేనంత పెరిగింది. షోరూమ్‌లో గిరాకీ లేని ఆ కారే 2014లో సియాటిల్‌లో మీకమ్ సంస్థ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

2021లో ఇండియానాపోలిస్‌లో అదే మోడల్ కారుకు పాట 48 లక్షల దాకా పోయింది. యజమాని ఇవ్వలేదు. మన వేలాల్లో సర్కారువారి పాటను అందరి ముందూ చెబుతారు. అక్కడ యజమాని కోరే కనీస ధర గుట్టు. అది అందకపోతే కారు వచ్చిన దారినే వెళ్తుంది. 35 నుంచి 48కి పెరిగిందని రాసేయడం తేలికే. కానీ డబ్బు చేతులు మారనిదే అది పాటే, ధర కాదు. ఇలాంటి వరుసలు పట్టికలో ఎక్కువైతే అమ్మేవాళ్ల ఆశకూ కొనేవాళ్ల జేబుకూ పొత్తు కుదరడం లేదని అర్థం.

'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ కథ వేరు. 1974లో ఒక కుటుంబం 6 వేల డాలర్లకు కొని మామూలు కారులాగే వాడుకుంది. 1977లో మెక్‌క్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు. సొట్టలు తీయించలేదు, వెలిసిన రంగు మార్చలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీలో వేలానికి పెట్టినప్పుడు మాత్రం కనీస ధర అంటూ ఏదీ పెట్టుకోలేదు. పాట 34 లక్షల దగ్గర ఆగింది, రుసుముతో కలిపి 37.4 లక్షల డాలర్లు.

మెక్‌క్వీన్ అడిగినా ఇవ్వని ఇల్లు, ఆ రోజు ఎంతొస్తే అంతకే ఇవ్వడానికి సిద్ధపడింది. పట్టికలో ఆ వరుస దగ్గర నేను ఇప్పటికీ కాసేపు ఆగుతాను.