మచ్చిక ఎక్కడ మొదలవుతుంది?

సంతలో పశువును బేరమాడేవాళ్లు పళ్లూ పొదుగూ చూశాక గుణం అడుగుతారు. తంతుందా, పొడుస్తుందా, చేయి వేస్తే నిలబడుతుందా అని. ఆ గుణం పెంపకంతో వచ్చేదా, పుట్టుకతో వచ్చేదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు సైబీరియా నక్కలు గుర్తొస్తాయి.

సోవియట్ జన్యుశాస్త్రవేత్త ద్మిత్రీ బెల్యాయెవ్ 1959లో మొదలుపెట్టిన పని అది. నోవోసిబిర్స్క్‌లో దాన్ని దశాబ్దాలపాటు నడిపింది లుద్మిలా త్రుట్. బొచ్చు ఫారాల నుంచి తెచ్చిన 30 మగ, 100 ఆడ వెండి నక్కలతో ఆరంభం. వాటికి ఏ శిక్షణా ఇవ్వలేదు. మనిషి చేయి చాస్తే పిల్ల ఏం చేస్తుందో చూసి, మగవాటిలో నూటికి నాలుగైదింటిని, ఆడవాటిలో ఇరవైని మాత్రమే సంతానానికి ఉంచారు. నాలుగో తరానికే తోక ఊపే పిల్లలు పుట్టాయి.

మార్పు నెత్తుటిలోనూ కనిపించింది. 12 తరాలకు ఒత్తిడి హార్మోన్లు మామూలు ఫారం నక్కల స్థాయిలో సగానికి కాస్త పైకి దిగాయి. 30 తరాలు వచ్చేసరికి అందులోనూ సగమయ్యాయి. మామూలు పిల్లలకు ఆరు వారాలకు మొదలయ్యే బెదురు వీటికి తొమ్మిది వారాలు దాటితే గాని రాలేదు. లోకంతో చెలిమి చేసుకునే గడువు ఆ మేరకు పెరిగింది.

చూలుతో ఉన్న సాధు నక్కల్లోనూ కార్టిసాల్ తక్కువే. అంటే పిల్ల కడుపులో ఉండగానే నెమ్మదైన నెత్తురు మధ్య పెరుగుతోంది. అయితే తల్లి కడుపు చలవే ఇదంతా అనుకోవడానికి లేదు. కోపిష్ఠి నక్క పిండాన్ని సాధు నక్క గర్భంలో పెట్టి చూశారు. పుట్టిన పిల్లది పిండం ఇచ్చిన తల్లి కోపమే. సాధుగుణాన్ని పిండం తన వారసత్వంలోనే తెచ్చుకుంటోంది. కొన్నిటి నుదుట తెల్లచుక్క కూడా అలా వచ్చిందే: పిండదశలో రంగుకణాలు ఆలస్యంగా కదలడం వల్ల ఆ చోటికి రంగు చేరలేదు.

ఒక్క గుణాన్ని కోరి ఏరితే హార్మోన్లూ, ఎదుగుదల వేళలూ, రంగూ కదిలాయి. జత కలిపే మనిషి చేతిలో ఇంత బలం ఉంది. ఆ ఏరివేతలో మిగిలిన నక్కలు చాలావరకు బొచ్చుకే పోయాయన్నదీ మరవకూడదు. మన దగ్గర ఆబోతు వీర్యం ఎంచుకునేటప్పుడు ముందు పాల లెక్క అడుగుతాం. దాని తల్లి గుణం, కూతుళ్ల గుణం కూడా అంతే గట్టిగా అడగాలి. బెదురు లేని పశువుకు బతుకే తేలిక. పుట్టబోయే దూడకు మనం ముందుగా ఇవ్వగలిగింది అదే.