పాట ఆపితే పాపికొండలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి పాపికొండలకు పోయేవాళ్లు తక్కువేం కాదు. ముందు భద్రాద్రి రాముడి దర్శనం, మర్నాడు పోచవరంలో లాంచీ. ధర్మపురిలో మనం మునకేసిన గోదావరి నీళ్లు మనకంటే ముందే బయల్దేరి ఉంటాయి. శివ్వారం మొసళ్ల మడుగులు దాటి, సిరిసిల్ల మీదుగా వచ్చే మానేరునూ కాళేశ్వరంలో ప్రాణహితనూ కలుపుకుని అక్కడికి చేరతాయి.

లాంచీ ఎక్కామా, స్పీకరు మొదలు. కదిలే ఫంక్షన్ హాలే అది. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి రెండు ఒడ్డులా ఉంటే, మనవాళ్లు డెక్కు మీద స్టెప్పులేస్తుంటారు. పులీ అడవిదున్నా ఉన్న అడవే, కానీ పొద్దెక్కాక బయల్దేరి, చీకటి పడకముందే తిరిగొచ్చే లాంచీకి అవెందుకు కనిపిస్తాయి? నీళ్లకొచ్చే వేళలు వాటివి వాటికున్నాయి. కొల్లూరు ఇసుకలో వెదురు గుడిసెలో పడుకున్న రాత్రి నాకు వినిపించినంత అడవి, పగటి ప్రయాణాల్లో ఎన్నడూ కనిపించలేదు. (వానాకాలం పోగానే చూడండి. ఇది ఆకు రాల్చే అడవి, ఎండాకాలానికి కొండలు బోసిపోతాయి.)

నేనైతే ముందుభాగాన, సరంగుకు దగ్గర్లో కూర్చుంటాను. అందరూ కొండల అంచులు చూస్తుంటే అతను నీటి పైపొర చూస్తాడు. విశాలమైన గోదావరి ఇక్కడ కొండల నడుమ ఇరుకై, లోతు పెరుగుతుంది. సుడి ఎక్కడ తిరుగుతుందో ముందే పసిగట్టాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది ఈ నదిలోనే. అతని చూపు వెంట చూపు నిలిపితే ఒడ్డున కొంగ, ఇసుక మీద అడుగుజాడ, అన్నీ వాటంతటవే కనబడతాయి.

పేరంటాలపల్లిలో లాంచీ ఆగుతుంది. శివాలయం, సెలయేరు, కొండరెడ్లు కత్తితో చెక్కిన వెదురు పూలు. జీలుగు చెట్టూ పోడూ తెలిసిన మనుషులు వాళ్లు. మనకు మాత్రం అరగంట మజిలీ. పూవు దగ్గర పది రూపాయలకు బేరం పెడతాం. మరమగ్గం ముందు రాత్రంతా నిలబడి కూలి రేటు కోసం కొట్లాడే సిరిసిల్లోళ్లమే అక్కడ బేరమాడితే నాకు సిగ్గేస్తుంది.

పోలవరం ప్రాజెక్టులో నీళ్లు 45.72 మీటర్లకు నిలిస్తే ఈ ఒడ్డు ఊళ్లు మునుగుతాయి. లాంచీలు అప్పుడూ నడుస్తాయి, బహుశా ఇంకా పెద్దవి.