సమాధిదర్శనమును గూర్చి ముసల్మానుల మతభేదములు

దర్గాలను గూర్చి తెలుగు పత్రికలలో వెలువడు వ్యాసములు ప్రాయికముగా రెండు తెగలవి. ఒక తెగవారు వానిని మూఢవిశ్వాసములకు పుట్టిండ్లని నిందింతురు. రెండవ తెగవారు హిందూ ముసల్మానుల యైకమత్యమునకు తార్కాణములని కొనియాడుదురు. గోరీయొద్ద నిలిచి ప్రార్థించుట ధర్మమా, యధర్మమా యని ముసల్మాను పండితులే యేడువందల యేండ్లుగా వాదించుకొనుచున్న సంగతి యీ యిరుతెగలవారికిని పట్టినట్లు కానరాదు. ఇంటివారి మాట వినకయే పొరుగువారు తీర్పు చెప్పుచున్నారు.

వాదమునకు మూలము ప్రవక్తవాక్యములలోనే యున్నది. సమాధిదర్శనమును తాను తొలుత నిషేధించితిననియు, పరలోకస్మరణ కలుగును గావున నిక దర్శింపవచ్చుననియు ఆయన సెలవిచ్చినట్లొక హదీసు గలదు. మక్కా, మదీనా, జెరూసలేములందలి మూడు మసీదులకు దక్క యాత్ర కట్టరాదని మఱియొక హదీసు. ఈ రెండవదానిని బట్టి, సమాధిదర్శనమే యుద్దేశముగా ప్రయాణము చేయరాదని వాదించిన ఇబ్ను తైమియా 1326లో దమస్కు కోటలో బంధింపబడి, 1328లో నచ్చటనే మరణించెను. సమీపమందలి సమాధిని దర్శించి మృతునికి శాంతి కోరుటను ఆయన కాదనలేదు. ఆ హదీసు మసీదులకే గాని సమాధులకు వర్తింపదని తకీయుద్దీన్ సుబ్కీ యాయనను ఖండించుచు నొక గ్రంథమే రచించెను.

బడిపంతులము గావున మాకీ వివాదము విభక్తిభేదముగా తోచుచున్నది. మృతుని కొఱకు దేవుని వేడుట యొకటి. దీనిని ఏ పక్షమువారును కాదనరు. మృతుని మూలమున దేవుని వేడుట రెండవది; దీనికి తవస్సుల్ అని పేరు. మృతునే వేడుట మూడవది. పోరాటమంతయు నీ కడపటి రెంటిపైననే. పిలుపు సిద్ధపురుషునిదైనను ఇచ్చువాడు దేవుడే గదా యని దర్గాపక్షమువారు మూడవదానికి గూడ రెండవదాని యర్థమే చెప్పుదురు. నోటిమాట యొకటియు, మనసులోని యర్థము వేఱొకటియు నైన నది యెట్టి ప్రార్థన యని ప్రతిపక్షమువారి ప్రశ్న. ఈ ప్రశ్న బలమైనదని మేమును తలంచుచున్నాము.

1866లో నెలకొన్న దేవబందు విద్యాలయమువారు దర్శనము నొప్పి, ఉర్సుల యాడంబరమును, మృతులను యాచించుటను నిరాకరించిరి. బరేలీ వాస్తవ్యుడగు అహ్మద్ రజా ఖాన్ (1856–1921) ఉర్సులను, తవస్సులును సమర్థించెను; 1906లో దేవబందు పెద్దలను కొందఱిని అవిశ్వాసులని ప్రకటించెను. అట్టివాడే గోరీకి సాష్టాంగపడుట హరామని ప్రత్యేకముగా గ్రంథము వ్రాసెను! దర్గాలలో నేలకు నుదురు తాకించువారిని చూపి, ఇదియే బరేలీమతమని యెత్తిపొడుచు విమర్శకులు ఆ గ్రంథమును చూచినవారు కారు.

మా ప్రాంతమున నీ వాదము రాజకీయములతో ముడివడినది. సికిందరాబాదునకు పేరిచ్చిన నిజాము సికందర్ జాహ్ కుమారుడు ముబారిజుద్దౌలా వహాబీయని పేరుబడి, ఆంగ్లేయులపై కుట్ర పన్నెనను నేరముపై 1839లో పట్టుబడి, గోలకొండకోటలో బందిగా నుండి 1854లో మరణించెను. అట్టి సందర్భములలో వహాబీ యను మాట యొక మతాభిప్రాయమునకు గాక రాజద్రోహమునకు పర్యాయపదమైనది. ఎదుటివారి తిట్టు కబర్‌పరస్తు, అనగా గోరీలను పూజించువాడు. ఈ రెండు తిట్లును వాదమును సగము చంపినవి. హైదరాబాదున జామియా నిజామియాను స్థాపించిన అన్వారుల్లా ఫారూఖీ సమాధి, హదీసులు పాఠము చెప్పెడి యా యావరణలోనే యున్నది. ఆ విద్యాలయమువారిని హదీసు తెలియనివారనుట యెంత యసంగతము!

మౌలాలి గుట్ట సంగతి వేఱు. అచ్చట గోరీయే లేదు. హజ్రత్ అలీ ఖననమైనది నజఫునందని లోకవిశ్వాసము. కుతుబ్‌షాహీల కాలమున యాకూతు అను అంతఃపురసేవకుడు కన్న కలను బట్టి, ఒక రాతిమీది చేతిగుర్తు ఆయనదిగా పూజ్యమైనది. ఇమాముల జియారతును మహాపుణ్యముగా నెంచు షియాలకిది పుణ్యస్థలము. కొండ యెక్కువారిలో సున్నీలును, హిందువులును గలరు. సమాధిని గూర్చిన హదీసులలో దేని నిచ్చట నన్వయింపవలెను?

మదీనాలోని బకీ శ్మశానమున గుమ్మటములను 1925–26లో కూల్చినవారిని మేము సమర్థింపము. కాని దర్గాపెద్దలను ఒక్క మాట యడుగవలసియున్నది. గ్రంథములలోని సూక్ష్మభేదమును, బిడ్డకు జ్వరము తగ్గవలెనని వచ్చిన నిరుపేదకు చెప్పువారెవరు? నజరానా పుచ్చుకొను ముజావరు చెప్పునా? ఇక స్త్రీలవిషయము. ఆయిషా తన సోదరుని సమాధిని దర్శించెనని హదీసు గలదు. అయినను కొన్ని దర్గాలలో స్త్రీలను గోరీయున్న గదిలోనికి రానీయరు. బొంబాయి హాజీఅలీ దర్గాలోని యట్టి నిషేధము చెల్లదని అచ్చటి హైకోర్టు 2016లో తీర్పు చెప్పెను. స్త్రీలు సమాధులకు పోరాదని వ్రాసినవారిలో అహ్మద్ రజా ఖానును ఒకడు. సాష్టాంగమును నిషేధించినదియు నా కలమే. మొదటిది కొన్నిచోట్ల ద్వారములమీది పలకలకెక్కినది. రెండవది పెక్కుచోట్ల గ్రంథములలోనే నిలిచియుండుట యేల?